రెండు గరిటెలు, ఒక పొట్లం

చేప నూనె మనసు జబ్బులకు పనిచేస్తుందా అని అడిగేవాళ్లు నాకు ఇప్పటికీ వారానికి ఒకరిద్దరు తగులుతారు. స్వచ్ఛంద విరమణ తీసుకుని నాలుగేళ్లయింది. అయినా తార్నాకలో కూరగాయల బండి దగ్గర బెండకాయల కొసలు విరిచి చూసుకుంటుంటే కూడా వదలరు. "కొందరికి, కొంతవరకు, డాక్టరిచ్చిన మందుకు తోడుగా" అంటాను. వాళ్ల మొహం వాడిపోతుంది. అవుననో కాదనో తేల్చి చెబుతానని ఆశపడతారు పాపం. జీవితమంతా అందరితో వాదించిన మనిషి ఇంత నీళ్లు కలిపిన జవాబు చెప్పడమేమిటని నన్నెరిగినవాళ్లు ఆశ్చర్యపోతారు కూడా.

ఆ జవాబు నాకు పుస్తకాల్లోనే దొరికింది. అందులో "తోడుగా" అన్న మాటకు అర్థం మాత్రం మాణికేశ్వర్ నగర్‌లో ఒక ఇంటి కిటికీ గట్టు మీద దొరికింది. పోషకాహారం చదువుకుని కొత్తగా ఉద్యోగాల్లోకి వస్తున్న పిల్లల కోసం ఆ సంగతి రాస్తున్నాను. విజయగాథలు మీకు సెమినార్లలో కావలసినన్ని వినిపిస్తారు. ఇది నేను చేసిన తప్పు.

అప్పట్లో నేను యూనివర్సిటీ క్యాంపస్‌లో పోషకాహారం పాఠాలు చెప్పేదాన్ని. తార్నాకలో ఒక మానసిక వైద్యుడు చిన్న క్లినిక్ నడిపేవారు. డిప్రెషన్‌కి మాత్రలు వాడుతున్న ఆయన పేషెంట్లలో ఒప్పుకున్నవాళ్లకు రోజుకొక చేప నూనె క్యాప్సూల్ జోడించి, ఏడాదిపాటు గమనించాలని మేమిద్దరం కలిసి ఒక చిన్న ప్రాజెక్టు పెట్టుకున్నాం. మన మెదడులో పెద్ద భాగం కొవ్వే. అందులో చేపల్లో దొరికే ఒమేగా-3 రకం కొవ్వులు మన ఒంట్లో చాలినంత తయారు కావు, తిని తెచ్చుకోవాలి. డిప్రెషన్ మాత్రలకు వీటిని జోడిస్తే కొందరిలో కాస్త మెరుగు కనబడుతుందని కొన్ని పరిశోధనలు అంటాయి, ఏమీ కనబడదని మరికొన్ని అంటాయి. డాక్టర్‌గారు రెండో వైపు మొగ్గేవారు. నేను మొదటి వైపు మొగ్గడం కాదు, అక్కడే కాపురం పెట్టాను.

ఇంకో పని కూడా నా నెత్తిన ఉండేది. హాస్టల్ మెస్ కమిటీలో నేను సభ్యురాలిని. ఒకసారి కోడికూరలో పెట్టిన గరిటెను పప్పులో ముంచారని శాకాహారం తినే పిల్లలు గొడవకు దిగారు. మెస్ నడిపేవాళ్లు "ఒక్క గరిటెకు ఇంత లొల్లా" అన్నారు. అంతే, నాకు కావలసింది అదే. గంటసేపు వాదించి, ఆ పప్పు మొత్తం పక్కన పెట్టించి, నోటీసు రాసి గోడకు అంటించాను. "ఒక గరిటెను రెండు గిన్నెలలో వాడరాదు. పొరపాటున వాడినచో ఆ గిన్నె మొత్తం పక్కన పెట్టవలెను." కింద నా సంతకం. శాకాహారం గరిటె కాడకు గుర్తుగా ఎర్ర గుడ్డ పేలిక కట్టించాను. ఆ గరిటె పట్టుకునే వంటమనిషి నా మాటలను శ్రద్ధగా విన్నది. మిగిలినవాళ్లు విన్నట్టు నటించారు, ఆమె మాత్రం నిజంగా విన్నది.

ఆ వంటమనిషి కూతురే ఈ కథలో పిల్ల. ఎమ్మెస్సీ లెక్కలు చదివేది. తల్లీకూతుళ్లిద్దరే, క్యాంపస్ పక్కనే మాణికేశ్వర్ నగర్‌లో ఒకటిన్నర గదుల్లో ఉండేవాళ్లు. బాగా చదివే పిల్ల క్లాసులకు పోవడం మానేసింది, తర్వాత తల దువ్వుకోవడం మానేసింది, తర్వాత తినడం. ఒకరోజు తల్లికి నోటు పుస్తకంలో ఒక కాగితం దొరికింది. బతకాలని లేదని రాసి ఉంది. ఆమె ఆ కాగితం పట్టుకుని మెస్సులో నా దగ్గరికే వచ్చింది, చదువుకున్నదాన్ని కదా, ఏం చేయాలో చెప్పమని. ఆ సాయంత్రమే డాక్టర్‌గారి దగ్గరికి తీసుకెళ్లాను.

మాత్రలు పడ్డాక రెండు నెలల్లో పిల్ల కళ్లెత్తి మాట్లాడసాగింది. అప్పుడు నా క్యాప్సూల్ జోడించాం. ఇంకో రెండు నెలలకు క్లాసులకు పోయింది. ఒకరోజు క్లినిక్‌కి వచ్చి, "మేడం, మీ క్యాప్సూల్ వేసుకుని బస్సెక్కిన. ఒక్క తేన్పు వచ్చింది. పక్క సీటామె లేచి పోయింది. సీటంతా నాకే" అని నవ్వింది. ఆ నవ్వు చూసి నేను ఎంత పొంగిపోయానంటే, ఆ పిల్ల మెరుగుదలను గీతగా గీసి, నా సెమినార్ స్లైడుల్లో మొదటి పేజీలో పెట్టాను. ఆ గీత మాత్ర వల్ల పైకి లేచిందా, క్యాప్సూల్ వల్లనా అని డాక్టర్‌గారు అడిగారు. "రెండూ" అన్నాను. "మీ స్లైడులో మాత్ర బొమ్మ లేదు మరి" అన్నారాయన.

నెలాఖరున మిగిలిన క్యాప్సూళ్లు లెక్కపెట్టడం మా పద్ధతి. ఆ పిల్ల సీసాలో ప్రతి నెలా నాలుగైదు మిగిలేవి. తల్లిని పట్టుకున్నాను.

"ముప్పై ఇస్తే ఇరవయ్యారే ఎట్ల అయినయమ్మా?"

"శనివారం మేం నీసు ముట్టం మేడం. అది చేప గదా."

"చేప కాదు, మందు. మందుకు వారమేంది, వర్జ్యమేంది?"

"మందే మేడం, ఎవరు కాదన్నరు. కానీ చేపదే గదా."

"గుండెపోటు శనివారం వస్తే ఆదివారం దాకా ఆగుమంటవా?"

బెంచీల మీద కూర్చున్న పేషెంట్లు నవ్వారు. ఆమె కూడా నవ్వి, తల వంచుకుని కొంగు సర్దుకుంది. నేను గెలిచాననుకున్నాను. పిల్లలూ, నలుగురిలో ఎవరైనా మీ మాటకు నవ్వి తల వంచితే గెలిచామనుకోకండి. అంతకంటే పెద్ద ఓటమి మన వృత్తిలో లేదు.

శనివారాల బెడద ఆ ఒక్క ఇంటిది కాదు. ఒకరికి సోమవారం, ఇంకొకరికి గురువారం. నా లెక్కలన్నీ చిల్లులు పడుతున్నాయి. అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. డాక్టర్‌గారి మాత్ర, నా క్యాప్సూల్ కలిపి ఏ రోజుది ఆ రోజుకు చిన్న జిప్ కవర్లో పొట్లం కట్టి, వారానికి ఏడు పొట్లాలు ఇస్తాం. వారం చివర ఖాళీ కవర్లు వాపసు తేవాలి. మాత్రను ఎవరూ వదలరు కాబట్టి దానితోపాటు క్యాప్సూలూ లోపలికి పోతుంది.

డాక్టర్‌గారు ఒప్పుకోలేదు. "మాత్ర నాది, క్యాప్సూల్ మీది. రెంటికీ ముడెందుకు వేస్తారు?"

"విడిగా ఉంటే మీది మింగి నాది వదిలేస్తున్నారు."

"వదిలేస్తే నష్టమేముంది?"

"నాకుంది."

ఆ జవాబు నేను ఆలోచించకుండా అన్నది. అందుకే అందులో ఉన్నంత నిజం నా తక్కిన వాదనల్లో లేదు. నష్టం నాకు, నా ప్రాజెక్టుకు. ఆ పిల్లకు కాదు. అయినా నేను వారం రోజులు వాదించాను. ఎనిమిదో రోజు ఆయన, "మీతో వాదించడం కన్నా పొట్లాలు కట్టడం తేలిక" అని చేతులెత్తేశారు.

మా దగ్గర పనిచేసే సహాయకురాలు అడిక్‌మెట్ నుంచి వచ్చేది, క్రైస్తవుల అమ్మాయి. మొదటిరోజు పొట్లాలు కడుతూ ముక్కు చిట్లించింది. "మేడం, క్యాప్సూళ్లు ఉబ్బి కారుతున్నయి. మాత్రలకు వాసన పడుతున్నది."

"పడితే పడనీ. కడుపులోకి పోయాక రెండూ కలిసేవే కదా."

"మేడం, ఈస్టర్ ముంగట నలభై దినాలు మా ఇంట్ల నీసు ముట్టం. గప్పుడు గీ పొట్లం నా చేతికిస్తే మింగుతనో లేదో నాకే తెల్వదు."

"నీకు డిప్రెషన్ లేదు కదా, నీ సంగతెందుకు?"

"మీ దగ్గర పనిచేస్తే ఎప్పుడన్న వస్తది మేడం."

నవ్వుకున్నాం. ఆ అమ్మాయి చెప్పిన రెండు మాటలూ ఉద్యోగంలో నాకెవరూ ఇవ్వనంత మంచి సలహాలు. రెంటినీ నవ్వులో పోగొట్టుకున్నాను.

పొట్లాలు మొదలైన నెలన్నరకు బోనాలు అయిపోయాయి. శ్రావణం వచ్చింది. ఖాళీ కవర్లు ప్రతి వారం ఏడుకు ఏడు వచ్చేవి, కడిగి ఆరబెట్టినంత శుభ్రంగా. ఆ శుభ్రత చూసి నాకు అనుమానం రావలసింది. రాలేదు, గర్వం వచ్చింది.

రెండో వారం పిల్ల మాట తగ్గింది. మూడో వారం క్లినిక్‌కి తల్లి ఈడ్చుకొచ్చినట్టు వచ్చింది. నాలుగో వారం రానే లేదు. తల్లి ఒక్కతే వచ్చి, "మల్ల గోడ దిక్కు తిరిగి పంటున్నది సార్" అని డాక్టర్‌గారి ముందు కళ్లు తుడుచుకుంది. ఆయన అడగవలసినది అడిగారు. "మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నదా?"

ఆమె నోరు తెరిచేలోపు నేను జవాబు చెప్పాను. "ఒక్క రోజు తప్పలేదు. కవర్లు నా దగ్గరున్నాయి, చూపించమంటారా?"

ఆయన తల్లి వైపు చూశారు. ఆమె నా వైపు చూసింది. తర్వాత నేల చూసింది.

"అయితే మందు చాలట్లేదు. డోసు పెంచుదాం" అన్నారాయన. రోజుకు ఒక మాత్ర రెండయింది. కొత్త పొట్లాలు నేనే కట్టాను. పిల్లను కళ్లారా చూసినట్టుంటుందని మర్నాడు మధ్యాహ్నం నేనే ఇంటికి తీసుకెళ్లాను. శ్రావణం ముగిసే అమావాస్య ఆ మర్నాడే.

మెస్సులో మధ్యాహ్నం వడ్డన అయిపోయి, రాత్రి వంటకు ఇంకా టైముంది కాబట్టి తల్లి ఇంట్లోనే ఉంది. తల స్నానం చేసి జుట్టు ముడేసుకుంది. పొద్దంతా వందల మందికి కోడికూర వండి, ఇంటికి రాగానే స్నానం చేసి గానీ పొయ్యి ముట్టని మనిషి. పిల్ల లోపలి గదిలో గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పిలిస్తే పలకలేదు.

పొట్లాలు తల్లి చేతికిచ్చాను. ఆమె వాటిని రెండు వేళ్లతో అంచున పట్టుకుని, వంటింట్లోకి తీసుకుపోకుండా బయటి కిటికీ గట్టు మీద పెట్టింది. అక్కడ పాత పచ్చడి సీసా ఒకటి ఉంది. అందులో సగానికి పైగా ఏదో పసుపు రంగులో ముద్దకట్టి ఉంది. దగ్గరికెళ్లి చూశాను. ఉబ్బిన క్యాప్సూళ్లు. వాటి నూనెలో నాని, రంగు మారిన తెల్ల మాత్రలు.

"ఇదేందమ్మా?"

"పారెయ్యలే మేడం" అన్నదామె గబగబా. "ఒక్కటి గూడ పారెయ్యలే. మందును ఎట్ల పారేస్తం?"

"ఎప్పటిసంది?"

"మాసం మొదలైనకాంచి. అంతకుముందు శనివారాలయి గూడ అండ్లనే ఉన్నయి."

"తెల్ల మాత్రన్న ఇచ్చినవా?"

"దాని నిండ చేప నూనె అంటింది గద మేడం."

"మాత్రల చేప ఎక్కడిదమ్మా!"

అరిచాను. ఆమె అరవలేదు. మెస్సులో కొత్తగా చేరిన పనివాళ్లకు చెప్పినంత ఓపికగా చెప్పింది. "పప్పుల గూడ కోడి లేకుండె మేడం. గరిటె ముంచినందుకే గంజెడు పప్పు పక్కకు పెట్టిపిచ్చిండ్రు. గోడ మీద సంతకం మీదే గద."

గట్టు మీది సీసాను చేతిలోకి తీసుకున్నాను.

"మరి ఖాళీ కవర్లు ఎందుకు తెచ్చిచ్చినవ్?" అన్నాను.

"ఖాళీవి తెస్తేనే గద మీరు ఏమనరు. అందరి ముంగట అంటరు మేడం మీరు." నన్ను ఓదార్చడానికన్నట్టు అన్నది, "మీ లెక్క తప్పనియ్య మేడం. రేపటితోని మాసం అయిపోతది. ఎల్లుండిసంది రోజుకు కొత్త పొట్లమొకటి, సీసలయి ఒక దినానియి, రెండు గూడ మింగిపిస్త. సీస ఖాళీ అయితది. బిడ్డ బాగుపడాలనే ఈ మాసమంత పట్టిన."

కొత్త పొట్లంలో రెండు మాత్రలు. సీసాలోంచి ఇంకొకటి, అదీ పాడైపోయినది. నెల రోజులుగా ఒక్కటీ పడని ఒంట్లోకి ఒక్కసారిగా మూడేసి. ఇవి చిన్న డోసుతో మొదలుపెట్టవలసిన మందులు, ఆపినా పెంచినా మెట్టు మెట్టుగా చేయవలసినవి. నేను కొరియర్ చేతికిచ్చి పంపి ఉంటే, లేదా రెండు రోజులు ఆలస్యంగా వచ్చి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ పూర్తిగా ఆలోచించను.

లోపలి నుంచి పిల్ల గొంతు వినబడింది. "అమ్మను ఏమనకుండ్రి మేడం. నాకు తెలుసు. మాత్ర లేకుంటే ఏమైతది తియ్ అనుకున్న." కొంచెంసేపటికి, గోడతో చెబుతున్నట్టు అన్నది, "ఏమైతదో తెలిసింది."

సందులోకి వచ్చి డాక్టర్‌గారికి ఫోన్ చేశాను. "మీ మందు ఫెయిల్ కాలేదండీ. నెలరోజులుగా అది ఆ పిల్ల కడుపులోకి పోనే లేదు."

"ఖాళీ కవర్లున్నాయన్నారు?"

"ఖాళీ కవర్లే ఉన్నాయి."

ఆయన నన్ను దెప్పలేదు. దెప్పి ఉంటే బాగుండేది, ఎదురు చెప్పడానికి ఏదో ఒకటి దొరికేది. "ఆ పొట్లాలు, సీసా మీ సంచీలో వేసుకోండి. తల్లినీ పిల్లనూ ఇప్పుడే ఆటోలో తీసుకురండి. దారిలో ఇద్దరినీ ఏమీ అనకండి. మేడం, వింటున్నారా? ఏమీ అనకండి."

మాణికేశ్వర్ నగర్ నుంచి తార్నాక ఎంతో దూరం లేదు. నాకు తెలిసి నేను ఏమీ అనకుండా చేసిన అతి పొడుగైన ప్రయాణం అదే.

డాక్టర్‌గారు ముందు పిల్లతో ఒంటరిగా చాలాసేపు మాట్లాడారు. తర్వాత తల్లిని పిలిచి ఒకే ప్రశ్న అడిగారు. "అమ్మా, తెల్ల మాత్రను క్యాప్సూల్‌తోని కలపకుండ, షాపుల ఇచ్చే అట్టలోనే ఇస్తే, మాసంల గూడ ఇస్తవా?"

"ఎందుకియ్య సార్?" అన్నదామె ఆశ్చర్యపోతూ. "దానికేమైంది?"

అంతే. ఆ ఒక్క ప్రశ్న నేను అడిగి ఉంటే సరిపోయేది. నాకు ప్రశ్నల కన్నా జవాబులంటే ఇష్టం.

మందు మళ్లీ చిన్న డోసుతో మొదలైంది. కొన్ని వారాలపాటు మూడు రోజులకొకసారి రమ్మన్నారు. పిల్లను ఒంటరిగా వదలవద్దన్నారు. తల్లి మెస్సులో ఉన్న వేళల్లో మా సహాయకురాలు వెళ్లి కూర్చునేది, నేను చెప్పకుండానే. పోయిన నెల ఊరికే పోలేదు. ఆ సెమిస్టర్ పరీక్షలు పిల్ల రాయలేకపోయింది. క్లాసులో తన తోటివాళ్లు ముందుకు పోయారు. ఆ ఆరు నెలలు నా పద్దులోనివి, ఇంకెవరి మీదా వేయను.

కేసు ఫైలులో నేనే రాశాను. మందు క్రమం తప్పక వేసుకున్నట్టు నేను చెప్పినది తప్పు, ఖాళీ కవరును చూసి మింగినట్టు అనుకోవడం నా పొరపాటు, రెంటినీ కలిపి పొట్లం కట్టించినదీ నేనే. డాక్టర్‌గారు చదివి కళ్లజోడు తీశారు. "దీన్ని ఫ్రేము కట్టించుకోవాలనుంది. ఏం చేయను, పేషెంటు ఫైల్లో ఉంది."

పొట్లాలు ఆపేశాం. సెమినార్ స్లైడుల్లోంచి ఆ గీత తీసేశాను. ఆ పిల్ల మొదట కోలుకున్నప్పుడు నా క్యాప్సూల్ సాయపడిందేమో, పడలేదేమో. శ్రావణంలో కింద పడింది మాత్ర లేకపోవడం వల్లేనని డాక్టర్‌గారంటారు. నేను కాదనను. ఒక మనిషి కథతో చేప గెలిచిందో మాత్ర గెలిచిందో తేలదు. ఆ తర్వాత వచ్చిన ప్రతి పేషెంటునూ మొదటి రోజే అడిగాను, ఏ వారాలు, ఏ నెలలు ఏది ముట్టరని. ఆ రోజుల్లో క్యాప్సూల్ ఆపండి, మాత్ర ఆపకండి అని చెప్పాను. నీసు అసలే తిననివాళ్లు అవిసె గింజల పొడి తింటామంటే సరేనన్నాను. దాంట్లోంచి మన ఒళ్లు చేపలో ఉండే రకం కొవ్వును తయారుచేసుకునేది కొంచెమేనని కూడా చెప్పాను. లెక్కల్లో చిల్లులు అలాగే ఉండిపోయాయి. మా ప్రాజెక్టు చివరికి చెప్పింది కూడా కొందరికి, కొంతవరకు అనే.

మెస్ గోడ మీద నోటీసు మాత్రం ఉంచాను. అందులో తప్పేమీ లేదు. నేను గోడకు అంటించిన నియమం నడిచి ఇంటిదాకా పోతుందని, అక్కడ నాకంటే నిజాయితీగా పాటించేవాళ్లుంటారని నాకే తోచలేదు. ఇప్పుడు ఆ ఇంట్లో మందులకు రెండు డబ్బాలు. మాత్రల డబ్బా మూతకు ఎర్ర గుడ్డ పేలిక కట్టి ఉంటుంది.

పిల్ల మరుసటి ఏడాది పరీక్షలు రాసింది. ఫలితాలు వచ్చిన కొన్నాళ్లకు, ఒక పొద్దున్నే ఫోన్ చేసింది.

"మేడం, ఇయ్యాల్టిసంది శ్రావణం. ఎర్ర పేలిక డబ్బా నా బల్ల మీదనే ఉన్నది. ఇప్పుడే మాత్ర ఏసుకున్న. మీ చేప డబ్బా అమ్మ కిటికీల పెట్టేసింది. నెలదాక ముట్ట. మీరు ఇప్పుడు గుండెపోటు సంగతి ఎత్తుతరు, నాకెరుకే. ఎత్తుండ్రి, నేను గూడ జవాబులు రాసుకుని కూసున్న."

నేనేమీ అనలేదు.

"మేడం? లైన్ల ఉన్నరా?" అన్నది పిల్ల, కాస్త కంగారుగా.

"ఉన్నానమ్మా" అన్నాను. "వింటున్నాను."